నయము కాని వ్యాధితో నున్న కౌమార వయస్కులు – ఇంటివారికి కొన్ని సూచనలు

పదియవ యేటినుండి పందొమ్మిదవ యేటివరకు గల వయస్సును కౌమారమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. ఈ వయస్సున వ్యాధిచే మరణము అరుదు. శైశవమునందలి అపాయములు అప్పటికి గడచిపోవును. వార్ధక్యమునందలి రోగములు ఇంకను దూరమున నుండును. అందుచేతనే నయము కాని వ్యాధి యొకటి ఈ వయస్సుగల బిడ్డకు వచ్చినప్పుడు ఇంటివారు దిక్కుతోచక నిలిచిపోవుదురు. ముసలివారు మంచముపట్టినప్పుడు ఏమి మాటాడవలెనో, ఎవరిని పిలువవలెనో అందరికిని తెలియును. పదునైదేండ్ల పిల్లతో ఏమి మాటాడవలెనో ఎవరికిని తెలియదు.

వ్యాధిని నయముచేయు మార్గములను చెప్పుట ఈ పుస్తకమున ఉద్దేశము కాదు. "ఇక నయముచేయు చికిత్స లేదు" అని వైద్యులు చెప్పిన పిమ్మట చేయదగిన పని చాల మిగిలియుండును. ఆ పని యెట్టిది, శాంతి లేని ఇంట దానిని ఎట్లు సాగింపవచ్చును అను రెండు సంగతులే యిందు వివరింపబడినవి.

ఒక ఉదాహరణము

ఇది ఏ యొక్క కుటుంబముయొక్క చరిత్రయును గాదు. క్యాన్సరు ఆసుపత్రులలో తరచుగా గానవచ్చు సంగతులను కూర్చి చెప్పినది.

కోస్తా ప్రాంతమున ఒక గ్రామము. తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలిక. తండ్రి లారీ డ్రైవరు, త్రాగుడు అలవాటుగలవాడు. తల్లి రెండు మారులు పుట్టింటికి పోయి, పెద్దలు నచ్చజెప్పగా తిరిగివచ్చినది. బాలికకు కుడి మోకాలికి పైన నొప్పి ప్రారంభమయ్యెను. ఆటలలో దెబ్బ తగిలియుండునని అందరును అనుకొనిరి. నాయనమ్మ పసరుకట్టు కట్టించెను. నొప్పి రాత్రివేళ హెచ్చుచుండెను. మూడు నెలలు గడచిన పిదప ఎక్స్‌రే తీయింపగా ఎముక క్యాన్సరని తేలెను. హైదరాబాదులో మందులిచ్చి, కాలు తీసివేసిరి. ఒక సంవత్సరమునకు ఊపిరితిత్తులలో గడ్డలు కనబడెను. వేరు మందులు వాడినను అవి తగ్గలేదు.

డాక్టరు తల్లిని లోనికి పిలిచి సంగతి చెప్పెను. "పిల్లకు మాత్రం చెప్పకండి బాబూ" అని ఆమె వేడుకొనెను. ఆ సాయంకాలము వరండాలో తండ్రి, "నువ్వు అలిగి పుట్టింట్లో కూర్చోకపోతే మూడు నెలలు ఆలస్యమయ్యేదా?" అనెను. తల్లి, "నువ్వు తాగిన డబ్బు ఉంటే మొదటి వారంలోనే ఎక్స్‌రే తీయించేదాన్ని" అనెను. కిటికీకి ఇవతల మంచముమీద బాలిక కన్నులు మూసికొని యుండెను. నిద్రపోవుచున్నదని వారు తలచిరి.

ఇల్లు చేరిన పిమ్మట బాలిక నొప్పి సంగతి ఎత్తుట మానివేసెను. ఎవరు అడిగినను "బాగానే ఉంది" అనును. రాత్రులు దుప్పటి అంచును పండ్లతో బిగించి పట్టుకొనియుండుట పదేండ్ల తమ్ముడు చూచెను. ఎవరికిని చెప్పవద్దని వానిచేత ఒట్టు పెట్టించుకొనెను. కారణము సులభము: తాను మూలిగిన ప్రతిసారియు ఇంట జగడము పుట్టుచున్నది. మూలుగు మానినచో జగడమును మానునని పిల్ల గ్రహించినది. ఇంటివారు మాత్రము, "ఈ మధ్య నొప్పి కాస్త తగ్గినట్టుంది" అని ఒకరితో నొకరు చెప్పుకొనిరి.

వ్యాధిని గూర్చి రెండు మాటలు

ఎముకలు వేగముగా పెరుగు కౌమార దశయందే ఈ విధమగు ఎముక క్యాన్సరు హెచ్చుగా వచ్చును. తొడ ఎముక క్రిందిభాగము, పిక్క ఎముక పైభాగము, అనగా మోకాలి చుట్టుపట్లనే తరచుగా కనబడును. దెబ్బ తగులుటచేత ఇది రాదు. దెబ్బ తగిలి చూచుకొనినప్పుడు బయటపడుట మాత్రము కలదు. అంటువ్యాధి కాదు. తల్లి తినిన ఆహారముచేతగాని, తండ్రి త్రాగుడుచేతగాని, ఎవరి దృష్టిచేతగాని వచ్చునది కాదు. కాలు తీసివేయుట యొక్కటియే చికిత్సగా నున్న కాలమున ఐదుగురిలో ఒకరు మాత్రమే బ్రతికెడివారు. 1970 ప్రాంతమునుండి మందులుకూడ చేర్చి చికిత్స చేయుటచే, వ్యాధి ఎముక దాటిపోకమునుపే వచ్చినవారిలో మూడింట రెండువంతుల మందికి నయమగుచున్నది. ఊపిరితిత్తులకు ప్రాకిన పిమ్మట ఆ యవకాశము బహుగా తగ్గును. కావున దెబ్బ లేకయే మోకాలివద్ద నొప్పి కొన్ని వారములైనను తగ్గకున్నచో, ముఖ్యముగా రాత్రివేళ హెచ్చుచున్నచో, కట్లు కట్టించుచు కాలము గడపక ఎక్స్‌రే తీయించుట మేలు.

ఈ యుదాహరణము ఎముక క్యాన్సరును గూర్చినదైనను, ఇందు చెప్పబడు విషయములు తిరుగబెట్టిన రక్త క్యాన్సరునకును, కండరములు క్షీణించు వ్యాధులకును, మూత్రపిండములు గుండె చెడిపోయిన పిల్లలకును వర్తించును.

పిల్లలకు తెలియదని తలచుట

మన దేశమున పెక్కు కుటుంబములు బిడ్డకు వ్యాధి పేరైనను చెప్పవు. ఇది ప్రేమచేత చేయు పనియే, నిందింపదగినది కాదు. అయితే దీనివలన కలుగునని తలచిన ఫలము కలుగుట లేదు. మైరా బ్లూబాండ్-లాంగ్నర్ అను అమెరికా దేశపు మానవశాస్త్రజ్ఞురాలు రక్త క్యాన్సరుతో ఆసుపత్రిలో నున్న చిన్న పిల్లలతో కాలము గడపి, 1978లో ఒక గ్రంథము ప్రకటించినది. ఎవరును చెప్పకపోయినను ఆ పిల్లలకు తమ స్థితి తెలియుచునే యుండెను. ప్రక్క మంచములలోని పిల్లలనుండియు, పెద్దలు గుసగుసలాడు మాటలనుండియు, తల్లి కన్నులనుండియు వారు గ్రహించిరి. అంతకన్న గమనింపదగినది, తమకు తెలిసినదని తల్లిదండ్రులకు తెలియనీయకుండ వారు జాగ్రత్తపడిరి. పెద్దలు పిల్లలను కాపాడుచున్నామనుకొనిరి. పిల్లలు పెద్దలను కాపాడుచుండిరి. గ్లేజరు, స్ట్రాసు అను ఇద్దరు సమాజశాస్త్రజ్ఞులు 1965లోనే దీనిని పరస్పర నటనగా వర్ణించియుండిరి.

పసిపిల్లలకే ఇంత తెలిసినప్పుడు, పదునైదేండ్లు వచ్చి, చేత మొబైలు ఫోను పట్టుకొని, మందు సీసాపై పేరు చదువగలిగిన పిల్లకు తెలియదని తలచుట వట్టి భ్రమ. వ్యాధి సంగతి ఆమెకు తెలియునా లేదా అనునది ప్రశ్న కాదు. తెలిసిన దానిని ఆమె ఒంటరిగా మోయుచున్నదా, తోడుతో మోయుచున్నదా అనునదే ప్రశ్న.

చెప్పినందుకు పశ్చాత్తాపము కలుగునేమో యని భయపడు తల్లిదండ్రులకు స్వీడను దేశమున జరిగిన యొక పరిశీలన ధైర్యము నీయవచ్చును. క్యాన్సరుచే బిడ్డలను పోగొట్టుకొనిన తల్లిదండ్రులను ప్రశ్నించి, 2004లో ఆ ఫలితములు ప్రకటించిరి. బిడ్డతో మరణమును గూర్చి మాటాడినవారు 147 మంది. అట్లు మాటాడినందుకు వారిలో ఒక్కరును విచారింపలేదు. మాటాడనివారు 258 మంది. వారిలో 69 మంది, మాటాడియుండవలసినదని తరువాత విచారించిరి. ఆ దేశము వేరు, ఆచారములు వేరు. ఐనను ఆ మొదటి సంఖ్యను మరువరాదు.

చెప్పుట అనగా బిడ్డను ఎదుట కూర్చుండబెట్టి తీర్పు చదువుట కాదు. ముందుగా అడుగవలెను: "నీ ఒంట్లో ఏం జరుగుతోందని నీకు అనిపిస్తోంది?" ఆ పిదప మౌనముగా నుండవలెను. చాలమంది పెద్దలకు కష్టమైనది ఈ మౌనమే. బిడ్డ అడిగినంతవరకే సమాధానము చెప్పవలెను. అడుగని దానిని క్రుమ్మరింపరాదు. "నీకేమీ కాదు" అని మాత్రము ఎన్నడును అనరాదు. ఆ మాట అబద్ధమని తేలిన దినమున మిగిలిన మాటలన్నియు నమ్మకము కోల్పోవును. ఇన్ని దినములు, ఇన్ని నెలలు అని లెక్క చెప్పుటయు తగదు. వైద్యులకే అది నిశ్చయముగా తెలియదు. "జబ్బును పోగొట్టే మందు ఇప్పుడు లేదు. నొప్పిని పోగొట్టే మందు ఉంది. మేము నిన్ను విడిచి ఎక్కడికీ పోము" అను మూడు మాటలు సత్యములు, చాలినవి. బిడ్డ మాటాడుటకు ఇష్టపడక ముఖము త్రిప్పుకొనినచో బలవంతపెట్టరాదు. మరియొక దినమున తల దువ్వుచున్నప్పుడో, దీపమార్పిన పిమ్మటనో తానే అడుగును. తల్లిదండ్రులతోనే మాటాడునని నియమము లేదు. మేనత్తయో, ఉపాధ్యాయురాలో, నర్సో ఆమెకు నచ్చినవారు కావచ్చును. అందుకు అలుగరాదు.

ఆశ యొకటి పోయినంతమాత్రమున ఆశలన్నియు పోవు. నయమగునను ఆశ పోయిన బిడ్డ, పదవ తరగతి పాఠములు చదువగోరవచ్చును. స్నేహితురాలి అక్క పెండ్లి చూడగోరవచ్చును. "ఇప్పుడు చదువెందుకు?" అని పెద్దలు అనుట, ఇక నీవు లేనట్లే యని చెప్పుటతో సమానము. పుస్తకములు ఇయ్యవలెను, ఉపాధ్యాయులను, తోటి విద్యార్థులను ఇంటికి రానీయవలెను. ఈ వయస్సున సిగ్గు అధికము. జుట్టు రాలిపోయిన పిల్ల అద్దము చూడనన్నచో, అయినవారిని రానీయవద్దన్నచో, ఆ కోరికను మన్నింపవలెను. స్నానము చేయించునది ఎవరో ఆమెనే యడుగవలెను. కోపము వచ్చి పళ్లెము విసరివేసినను ఆశ్చర్యపడరాదు. దేహముమీద అధికారమంతయు పోయినవారికి మిగిలిన అధికారము అంతమాత్రమే. నేడు మందు ముందా, కాఫీ ముందా యను చిన్న నిర్ణయమైనను ఆమెకు విడిచినచో ఆ కోపము కొంత శాంతించును.

నొప్పి

లండనులో సిసిలీ సాండర్సు అను వనిత మొదట నర్సుగాను, పిమ్మట డాక్టరుగాను పనిచేసి, మరణమునకు సమీపించిన రోగులకొరకు 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ ఆసుపత్రిని స్థాపించినది. రోగి నొప్పి శరీరమునకు మాత్రమే చెందినది కాదనియు, మనోవేదన, కుటుంబ చింత, భగవంతునిగూర్చిన సందేహములుకూడ అందు కలిసియుండుననియు ఆమె బోధించినది. పైన చెప్పబడిన బాలిక నొప్పిలో ఎముకయొక్క భాగమెంత, వరండాలోని మాటల భాగమెంత యని వేరుచేయుట సాధ్యము కాదు. అయినను మొదట తగ్గింపవలసినది ఎముక నొప్పియే. అది తగ్గనిదే తక్కినవి చెవికెక్కవు.

స్వల్పమగు నొప్పికి పారసిటమాలు, ఐబూప్రోఫెను వంటి మాత్రలు చాలును. ఐబూప్రోఫెను రక్తస్రావమునకు అవకాశమున్నవారికి తగదు గనుక డాక్టరు నడిగియే ఈయవలెను. తీవ్రమగు క్యాన్సరు నొప్పికి మార్ఫినే తగిన మందు. ఈ పేరు వినగానే ఇంటివారు మూడు విధములుగా భయపడుదురు. అలవాటుపడి వ్యసనపరులగుదురని మొదటి భయము: నొప్పికై వైద్యుడు నిర్ణయించిన మోతాదులో వాడు రోగులకు అట్లగుట అరుదు. కొంతకాలము వాడిన పిమ్మట ఒక్కసారి మానినచో బాధ కలుగును గాన, మానవలసినప్పుడు క్రమముగా తగ్గింతురు. రెండవది, ఇది మరణమును త్వరపెట్టునను భయము: తగిన మోతాదులో నది నిజము కాదు. మూడవది, ఇప్పుడే వాడినచో చివరకు పనిచేయదేమో యను భయము: నొప్పి పెరిగినకొలది వైద్యుడు మోతాదును పెంచగలడు, దాచిపెట్టవలసిన పని లేదు.

మార్ఫిను మాత్ర పనిచేయునది సుమారు నాలుగు గంటలు. కావున నొప్పి వచ్చినప్పుడు గాక, గడియారము చూచి ఈయవలెను. నొప్పి తిరిగి తల యెత్తకముందే తరువాతి మాత్ర పడవలెను. మొదటి రెండుమూడు దినములు మగతయు, వాంతివచ్చునట్లును ఉండవచ్చును, అవి తగ్గును. మలబద్ధకము మాత్రము తగ్గదు. మొదటి దినమునుండియే విరేచనకారి మందు ఈయవలెను. ఈ యొక్క సంగతి చెప్పకపోవుటచే మంచి మందును మానివేసిన ఇండ్లు కలవు. రోగి లేపినను లేవలేనంత మగతలో నున్నను, శ్వాస మిక్కిలి మందగించినను వెంటనే డాక్టరుకు తెలుపవలెను. మాత్రలను తాళములో నుంచవలెను. త్రాగుడు అలవాటున్న ఇంట ఇది మరింత అవసరము.

నల్లమందును చట్టప్రకారము పండించు దేశములలో మన దేశ మొకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో లైసెన్సు గల రైతులు పండింపగా, నీమచ్, ఘాజీపూర్ పట్టణములలోని ప్రభుత్వ కర్మాగారములు దానిని శుద్ధిచేయును. ఇతర దేశముల రోగుల నొప్పి తగ్గించు సరుకు ఇచటనుండి పోవుచుండగా, ఇచటి రోగులు మాత్రము చాలకాలము నొప్పితోనే చనిపోయిరి. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దుర్వినియోగమును అరికట్టదలచి, ఆసుపత్రులు మార్ఫినును ఉంచుకొనుటకే భయపడునట్లు చేసినది. 2014లో ఆ చట్టమును సవరించిరి. మార్ఫినుతో సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధములుగా ప్రకటించి, పలు లైసెన్సులకు బదులు గుర్తింపు పొందిన వైద్యసంస్థలు వానిని ఉంచుకొనునట్లు ఏర్పాటు చేసిరి. సమీప ఆసుపత్రిలో లేదన్నంతమాత్రమున దొరకదని తలపక, ఎచట దొరకునో విచారింపవలెను.

బిడ్డ "బాగానే ఉంది" అన్నంతనే నమ్మరాదు. ముఖమును చూడవలెను, నిద్రను, కదలికను గమనింపవలెను. సున్నా నుండి పది వరకు ఎంత నొప్పియో అంకె చెప్పుమని అడుగుట వైద్యుల పద్ధతి. కౌమార వయస్కులు దీనిని సులభముగా గ్రహింతురు. తల్లిదండ్రులెదుట గాక ఒంటరిగా అడిగినప్పుడు చెప్పు అంకె వేరుగా నున్నచో, ఆ రెండంకెల నడుమ భేదమే ఇంటి స్థితిని తెలుపును.

కలహమున్న ఇల్లు

ఇరువది యేండ్ల కాపురమునందలి లోపములు రోగి మంచముచుట్టు కూర్చుండి సవరించుకొనదగినవి కావు. అట్టి ప్రయత్నము చేయరాదు. చేయదగినది ఇంతకన్న చిన్నది. ఆ గదిలో, ఆ గదికి వినబడు దూరములో, కలహము ఉండరాదు. ఇంతమాత్రము ఒప్పందమైనను చాల మేలు. ఇట్టి యొప్పందమును భార్యాభర్తలకంటె మూడవ మనుష్యుడు చేయించుట సులభము. మేనమామయో, పెదనాయనయో, ఆసుపత్రి సాంఘిక కార్యకర్తయో పూనుకొనవచ్చును.

వైద్యుని మాటలను తల్లిదండ్రులిద్దరును ఒక్కసారి, ఒక్కచోట వినవలెను. ఒకరు విని మరియొకరికి చెప్పినచో, చెప్పినదానికంటె దాచినదే పెద్దదిగా తోచును. మందు వేళలను, అంకెలను ఒక నోటుపుస్తకమున వ్రాసి తల దగ్గర నుంచినచో, "నువ్వు వేయలేదు, నేను వేశాను" అను వాదము తగ్గును. వేరుగా నున్న తల్లిదండ్రులు వచ్చువేళలను నిర్ణయించుకొనవలెను. ఎవరి దగ్గర ఉందువని బిడ్డను మాత్రము అడుగరాదు.

త్రాగు తండ్రినిగూర్చి కఠినముగా మాటాడుట తేలిక. అతడు దుఃఖముచేతనే మరింత త్రాగుచుండవచ్చును. అయినను త్రాగి మంచమునొద్దకు రాకుండుట అతనివలన కాదగిన పని. చాలకాలముగా ఎక్కువగా త్రాగువారు ఆవేశముతో ఒక్కనాడే మానివేసినచో వణుకు, మూర్ఛలు, మతిచలనము కలుగవచ్చును, అది ప్రాణాపాయము. డాక్టరు సహాయముతోనే మానవలెను. అతనికి నిర్ణీతమగు పని యొకటి ఈయుట మంచిది: మాత్రలు తెచ్చుట, సాయంకాలము బిడ్డను ఎత్తి వాకిట కూర్చుండబెట్టుట. పని లేని తండ్రి గుమ్మమువద్ద నిలిచి తప్పులు వెదకును.

ఆలస్యము ఎవరివలన జరిగినదను ప్రశ్న ప్రతి యింటను పుట్టును. ఆ మూడు నెలలు ముందుగా వచ్చియుండినచో ఈ బిడ్డ బ్రతికెడిదా యనునది ఏ వైద్యుడును చెప్పజాలడు. కావున ఆ వాదమునకు ముగింపు లేదు, బిడ్డకు వినబడుట తప్ప. బిడ్డలు తరచుగా ఈ కలహములకు తామే కారణమని నమ్ముదురు: వైద్యమునకై పొలము తాకట్టుపడినది తనవల్ల, అమ్మ ఏడ్చుచున్నది తనవల్ల. "ఇది నీ వల్ల వచ్చింది కాదు" అని ఒక్కసారి కాదు, పలుమారులు చెప్పవలెను. ఇక పొలము మాట: నయము కాదని ఇద్దరు వైద్యులు చెప్పిన పిమ్మట, నయము చేయుదుమను ప్రకటనలు నమ్మి ఉన్నది అమ్ముకొనుట బిడ్డకు మేలు చేయదు, మిగిలిన పిల్లలకు కీడు చేయును.

ఇంట కొట్టుట, హింసించుట జరుగుచున్నచో అది ఓర్చుకొనదగిన విషయము కాదు. బాలలకొరకు 1098, స్త్రీలకొరకు 181, మనోవ్యథలో నున్న యెవరికైనను 14416 అను ఫోను సంఖ్యలు కలవు. ఈ చివరి సేవ 2022లో ప్రారంభమైనది, తెలుగునను మాటాడవచ్చును.

సహాయము దొరకు చోట్లు

ఈ విధమగు సేవను ఉపశమన వైద్యమందురు. నయముచేయు చికిత్స ఆగిన పిమ్మటనే గాక, వ్యాధి తెలిసిననాటినుండియే ఇది ప్రారంభము కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశమున 1986లో బొంబాయిలో శాంతి ఆవేదన ఆశ్రమము వెలసినది. 1993లో కోజికోడు వైద్య కళాశాలలో కొందరు వైద్యులు, స్వచ్ఛంద సేవకులు కలిసి యొక సంఘమును స్థాపించి, రోగి ఇంటికే పోయి చూచు పద్ధతిని వ్యాపింపజేసిరి. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని తన విధానముగా ప్రకటించినది. నేడు ఆ రాష్ట్రమున పంచాయతీల ఆధ్వర్యమున నర్సులు ఇల్లిల్లు తిరుగుచున్నారు. జాతీయ కార్యక్రమము 2012లో ఏర్పడినది. హైదరాబాదునందలి ఎమ్.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో పెద్దలకును పిల్లలకును ఈ వైద్య మున్నది; తెలంగాణమున జిల్లా కేంద్రములలోను ఇట్టి విభాగములు వెలసినవి. ఇతర చోట్ల నివసించువారు జిల్లా ఆసుపత్రిలోనో, ఆశా కార్యకర్త ద్వారానో విచారింపవచ్చును. అన్ని జిల్లాలలోను ఒకే విధముగా లేదను మాట ఒప్పుకొనక తప్పదు.

చివరి దినములు

నిద్ర హెచ్చును, ఆకలి పోవును. బలవంతముగా తినిపింపరాదు, పెదవులను తడిగుడ్డతో తుడుచుచుండిన చాలును. రెండు గంటల కొకసారి మెల్లగా ప్రక్క మార్చుచుండినచో పుండ్లు పడవు. ఆయాసమునకు తలవైపు ఎత్తుచేసి, ముఖమునకు గాలి తగులునట్లు ఫ్యాను పెట్టవలెను. డాక్టరు తక్కువ మోతాదులో మార్ఫిను నిర్ణయించుటయు కలదు. గొంతులో గురగుర శబ్దము వినువారికి భయంకరముగా నుండును గాని, ఆ స్థితిలో నున్న రోగికి దానివలన బాధ లేదని వైద్యుల అభిప్రాయము. స్పృహ లేనట్లున్నను మాటలు వినబడునని తలచియే మాటాడవలెను.

ఆ బాలిక విషయమున ఒట్టును తప్పినవాడు తమ్ముడు. ఇంటికి వచ్చిన నర్సు చెంబుతో నీళ్లు అడుగగా, పెరటిలో ఆమెతో దుప్పటి సంగతి చెప్పెను. నర్సు బాలికతో ఒంటరిగా కూర్చుండి అంకె అడిగెను. "తొమ్మిది" అని చెప్పి బాలిక, "నాన్నతో చెప్పకక్కా, మళ్లీ అమ్మను అంటాడు" అనెను. ఆ సాయంకాలమే మార్ఫిను ప్రారంభించిరి. తల్లిదండ్రులను పెరటిలోనికి పిలిచి, ఆ చివరి మాటను బాలిక అనుమతితో నర్సు వారికి తెలిపెను. వారు కలహములు పూర్తిగా మానిరని చెప్పుటకు వీలులేదు. ఇంట మాత్రము మానిరి. తండ్రికి కోపము వచ్చినప్పుడు చెరువుగట్టునకు పోయెడివాడు. బాలిక తొమ్మిది వారములు జీవించెను. లెక్కల మాష్టారు ఆదివారములు వచ్చి రేఖాగణితము చెప్పెను.

రోగి గతించిన పిమ్మట మిగిలిన మార్ఫిను మాత్రలను ఇంట ఉంచరాదు. ఇచ్చిన కేంద్రమునకే అప్పగింపవలెను. వానికై నర్సు పదునైదు దినములకు తిరిగివచ్చెను. మాత్రలు లెక్కించుచుండగా తమ్ముడు ప్రక్కకు వచ్చి నిలుచుండెను. అక్క జబ్బుపడిన ఇంట చిన్నపిల్లలను ఎవరును పలుకరింపరు; వీనికిని అట్లే జరిగినది.

"ఒట్టు తప్పితే పాపమా?" అని వాడడిగెను.

"నువ్వు చెప్పబట్టే అక్క ఆ రాత్రి నిద్రపోయింది" అని నర్సు చెప్పెను. ఇరువదినాలుగు మాత్రలు మిగిలినవని పుస్తకమున వ్రాసి, వానిని తల్లిచేత సంతకము చేయించుకొని తీసికొనిపోయెను.